పచ్చ బటన్

ఈ గల్ఫ్ నగరంలో, అల్ సద్ పేటలో నేను పనిచేసే క్లినిక్ పక్కన ఫోన్లు బాగుచేసే కొట్టొకటి ఉంది. దాని తలుపు తెరుచుకున్నప్పుడల్లా వైర్లు అతికించే సోల్డరింగ్ పొగ వాసన గుప్పుమంటుంది, నేను ఎనిమిదేళ్ల పిల్లనైపోతాను. అదేమంత హాయిగా ఉండదు.

అప్పుడు మేం ఇదే నగరంలో, అల్ ఘర్రాఫాలో, ఒక విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన రెండు గదుల్లో ఉండేవాళ్లం. కిటికీ అద్దం కూడా ముట్టుకోనివ్వని ఎండాకాలంలో, ఏసీ రొద కింద, అమ్మ కాల్చే సర్వపిండి వాసన మధ్య, నాన్నా ఆయన స్నేహితుడు రషీద్ మామా ఒక పాత తలుపు చెక్క మీద నాకోసం బొమ్మ రైలు, పట్టాలు, స్టేషను అమర్చారు. ఇద్దరిదీ నిజామాబాదే, ఇద్దరూ ఒకే కంపెనీలో పంపులు, మోటార్లు చూసే టెక్నీషియన్లు. పట్టాలు నాన్న వేస్తే వైరింగంతా మామది. అగ్గిపుల్ల తలంత స్టేషను దీపాలకూ, సిగ్నల్‌కూ, గేటుకూ సన్నటి వైర్లు అతికించి, చెక్క కిందనుంచి లాగి, ఏదో పాత మోటారు ప్యానెల్‌నుంచి ఊడదీసిన బటన్లకు కలిపాడు. దీపాలకు నల్లవి, గేటుకు పచ్చది. రంజాన్‌కు షీర్ ఖుర్మా గిన్నె తెచ్చిన రోజు కూడా ఆయన వేళ్లు సోల్డరింగ్ వాసనే వేసేవి.

రైలు నేను నడిపేదాన్ని, బటన్ల దగ్గర నాన్న. రైలు గేటు దగ్గరికి రాగానే నేను "బంద్!" అని అరవాలి, నాన్న పచ్చ బటన్ నొక్కాలి, గేటు టక్కున వాలాలి. ఎక్కడైనా బంద్ అంటే కరెంటు ఆపడం, పచ్చ బటన్ నొక్కితే మోటారు నడవడం; మా ఇంట్లో మాత్రం బంద్ అంటే పచ్చ బటన్ నొక్కడం. మామ పడీపడీ నవ్వేవాడు.

"గిదేం ఉల్టా పాఠం నేర్పుతున్నవ్‌రా బిడ్డకు!"

ఆ సెలవులన్నీ అరుస్తూనే ఉన్నాను.

బడి తెరిచిన వారంలో ఒక పంప్ రూంలో, నడిపి చూసి ఆపిన పంపులోకి మామ చెయ్యి పెట్టబోతూ, కరెంటు పూర్తిగా తీసెయ్యమని "బంద్!" అని కేకేశాడు. ప్యానెల్ దగ్గరున్న నాన్న చెయ్యి పచ్చ బటన్ మీదికి వెళ్లింది. పంపు తిరిగింది, మామ కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి.

మూడోనాడు నాన్న అమ్మతో అంటుంటే విన్నాను.

"రషీద్ గొంతని తెల్వలేదే. బిడ్డ గొంతే ఇనవడ్డది."

కంపెనీ తనను నిజామాబాదు పంపించేసే ముందు మామ మా ఇంటికి వచ్చాడు. నాన్న వంటింట్లోంచి బయటికి రాలేదు. మామ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చెక్క ముందు కూర్చున్నాడు, ఎడమ బొటనవేలు పచ్చ బటన్ మీద పెట్టాడు.

"నడుపు బేటీ. గేటు కాడికి రాంగనే బంద్ అను. ఏం గాదు."

నడిపాను. తెరిచి ఉన్న గేటు మధ్యనుంచి రైలు వెళ్లిపోయింది, చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లిపోయింది. మామ బొటనవేలు ఎదురుచూస్తూనే ఉంది. నా తప్పేం లేదని చెప్పడానికే ఆయన వచ్చాడని అప్పుడే తెలుసు నాకు. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

ఇప్పుడా విల్లా లేదు. చెక్కను నాన్న ఆ వారమే ఎక్కడో పడేసి వచ్చాడు, మళ్లీ ప్యానెల్ ముట్టకుండా స్టోర్ డ్యూటీకి మారాడు. ఇప్పుడు మేముండే అల్ వక్రాలో మా పాప లైటు బంద్ చెయ్యమంటే "ఆపు అనాలి" అని కసురుతాను, ఎందుకో చెప్పను.

పోయిన నెల మామ చనిపోయాడని నిజామాబాదునుంచి ఫోనొచ్చింది. గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, "బంద్" అన్నాను. పైకే అన్నాను. నొక్కడానికి ఎవరూ లేరు.