నొక్కి వదిలేయండి

మా మనవరాలు సత్యదుర్గ రాసిన కాగితం చదివి, ముత్యాలు గారనే రైతు అమలాపురం నుంచి అప్పనపల్లి దాకా నడిచి వెళ్లిపోయారు. సరే, హాలు గేటు దాకా అనుకోండి.

యంత్రాలు వాడే పద్ధతి రాయడం దుర్గ ఉద్యోగం. అలాంటి రాతగాళ్ల సదస్సులో, తను రాసింది ఎవరికైనా అర్థమవుతుందని చూపించడానికి ఆయన చేత నీళ్ల మోటారు వేయించింది. కాగితంలో "స్విచ్ నొక్కి వదిలేయండి" అని ఉంది. ఆయన నొక్కి, అంతా వదిలేసి బయల్దేరారు.

"బాబాయ్ గారూ, ఇంకా రెండు పనులున్నాయండీ!"

"నువ్వే కదమ్మా వదిలేయమన్నావు?"

హాలంతా నవ్వింది. దుర్గ అక్కడికక్కడే ఆ మాట కొట్టేసి "వేలు తీయండి" అని రాసింది. ఈసారి మోటారు తిరిగింది.

ఇదంతా చదివి వినిపిస్తే దుర్గ, "అబద్ధం తాతయ్యా. ఆ రోజు అసలు కరెంటే లేదు" అంది.