నీళ్లకు ఐదు మార్కులు

ఆ రోజుల్లో నాకు ప్రజాభిప్రాయం మీద మహా గౌరవం. డిగ్రీ పూర్తయిన వేసవిలో మెడలో గుర్తింపు కార్డు వేసి, చేతిలో ట్యాబ్ పెట్టి, గజపతినగరం అవతలి ఊళ్లకు సర్వేకు పంపితే, ఇక ప్రభుత్వం నా వేలికొసల మీదే నడుస్తుందనుకున్నాను. ఏ ఊరికి ముందు కుళాయిలు వేయాలో జనాన్నే అడిగి నిర్ణయిస్తారట. నీళ్లకు, రోడ్డుకు, వైద్యానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయించాలి. తక్కువ మార్కులొచ్చిన ఊరికి ముందు పని. (ఈ చివరి ముక్క మాత్రం బయటపెట్టొద్దని శిక్షణలో గట్టిగా చెప్పారు. తెలిస్తే అందరూ ఒకటే వేస్తారట.)

నేను మొదట వెళ్లిన ఊళ్లో ఏ గుమ్మం ఎక్కినా ముందు మంచం వాల్చారు, తర్వాత మజ్జిగ ఇచ్చారు, ఆ తర్వాతే ప్రశ్న విన్నారు. "నీళ్ల సరఫరాకు ఎన్ని మార్కులు వేస్తారండీ?" అని మొదటి ఇంటాయన్ని అడిగితే, ఆయన తల గోక్కునేలోపు భార్య అందుకుంది: "ఐదు సెప్పు మావా. పాపం గుంట ఎండనపడి వచ్చినాది." ఆ వైపు గుంటంటే ఆడపిల్ల. ఎంత మమకారం గల ఊరో అనుకుని ఐదు నొక్కాను. పక్కింట్లో ఐదు, ఎదురింట్లోనూ ఐదే. మధ్యాహ్నానికి పద్దెనిమిది ఫారాలు పంపేశాను. మా సూపర్‌వైజరు (ఎప్పుడు ఫోన్ చేసినా "ఇరవై అయ్యాయా?" అనేవాడు కనుక మాకు ఆయన ఇరవైగారు) శభాష్ అంటే పొంగిపోయాను.

చివరింటి మామ్మ కూడా ఐదే వేసింది. దాహమేస్తోందంటే చెంబు అందిస్తూ, "ఒలకబోయకే అమ్మా. పొలాలవతల నేలబావి నుంచి మోసుకొచ్చినాం. పొద్దున్నుంచి ఇది మూడో తిరుగుడు," అంది.

చెంబు కింద పెట్టేశాను. "మరి ఐదెందుకు వేశావు మామ్మా?"

"ఏటే, ఆ మార్కులు నీకు కాదేటి? తక్కువేస్తే నీ ఉజ్జోగం పోదా?"

ఊరు ఊరంతా కలిసి నన్ను పాస్ చేయించింది! సిగ్గుతో చచ్చిపోయాను. శిక్షణను పక్కనపెట్టి, ఆ మార్కులు నాకు కావని, నీళ్లకు ఐదు పడితే కుళాయి రాదని చెప్పేశాను. మామ్మ నోటిమీద చెయ్యేసుకుని, "ఓలమ్మో! ముందే సెప్పాల కదే!" అంటూ వీధిలోకి పరుగెత్తింది. ఫారాలు రద్దు చేయమంటే ఇరవైగారు ఫోన్లో చెడామడా తిట్టి, చివరకు రద్దు చేశాడు. మళ్లీ ఇంటింటికీ తిరిగాను. ఈసారి ముందు ఎన్ని బిందెలు, ఎంత దూరం అని అడిగి, ఆ తర్వాతే మార్కులడిగాను. మరుసటి ఏడాది ఆ ఊరికి కుళాయిలొచ్చాయి. నా ఉద్యోగం మాత్రం, మామ్మ భయపడ్డట్టే, ఆ నెలాఖరుకు పోయింది.

మొన్న విజయనగరంలో మా ఇంటికి ఓ అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. ముఖమంతా చెమట. మా వీధి కాలువ పూడిపోయి నెలలైంది, ఆ కంపుకు ఇద్దరం ముక్కులు మూసుకునే మాట్లాడుకుంటున్నాం. "మురుగు కాలువలకు ఎన్ని మార్కులు మేడం?" అంది.

"ఐదేసుకోమ్మా," అన్నాను.

ఆ పిల్ల గేటు దాటాక గాని నాకు తెలివి రాలేదు. "ఆగమ్మా, ఒకటెయ్!" అని అరిచాను. "పంపించేశాను మేడం," అని నవ్వుతూ వెళ్లిపోయింది. నామీద నాకు కోపం రావాలి. రాలేదు. పాపం, ఎండనపడి వచ్చింది మరి.