గుడ్లు నడిచొస్తాయి

ఆర్లో టిబిట్స్ తిరగలిలోకి మనుషుల్ని పడవలో తీసుకుపోయేవాడు గాని, కోడిగుడ్లని మాత్రం తీసుకుపోయేవాడు కాదు. గుడ్లు గట్టు వెంట నడిచి వెళ్లేవి.

తిరగలి అంటే మా యూటా ఎడారి లోయలో కొలరాడో నదికి ఒళ్లు తెలియని చోటు. మోఆబ్ ఊరి నుంచి మూడు రోజులు ఆవులిస్తూ వచ్చిన నది అక్కడ ఉన్నట్టుండి లేచి కూర్చుంటుంది. ఇళ్లంత బండలు, వాటి మధ్య మనల్ని నూరి అవతల పోసే నీళ్లు. అందుకని సరంగులందరం ముందుగా పడవలు గట్టుకి కట్టేసి, ఎత్తు బండెక్కి నీటిదారి చూసుకోవాలి. మిగతా సరంగులు నీళ్లని చూసేవాళ్లు. ఆర్లో నీళ్లకి వీపు పెట్టి మనుషుల్ని చూసేవాడు, ఈసారి గుడ్లపెట్టె ఎవరి నెత్తిన పెడదామా అని.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. పట్టాళం వాళ్లు వేలం వేసిన తూటాల పెట్టె. ఇనుముది. మూత చుట్టూ రబ్బరు పట్టీ. ఏనుగు కూర్చున్నా సొట్ట పడదు, చుక్క నీరు దూరదు. లోపల ఎండుగడ్డి పరిచి మూడు డజన్ల గుడ్లు. అలాంటి పెట్టె పడవలో పెడితే గుడ్లు పగులుతాయట!

"పెళ్లాం బిడ్డలున్న మనుషుల్ని ఎక్కించుకుంటావు, గుడ్లని ఎక్కించుకోవా?" అని అడిగాను ఒకసారి.

"మనిషి తడిస్తే ఆరతాడు. గుడ్డు పగిలితే నువ్వు అతికిస్తావా, పుస్తకాలమ్మా?"

నా పడవలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. చదువుకున్న సరంగంటే ఆర్లోకి ఈదలేని బాతుతో సమానం. అసలు అతనికి ఎవరంటే గౌరవం గనక? యాత్రికులంటే మరీ లోకువ. "వీళ్లు నదిని చూడ్డానికి రాలేదు, నదికి తమని చూపించుకోడానికొచ్చారు" అనేవాడు. అలా అనే మనిషి టోపీ చూస్తే, పైభాగం ఏనాడో ఎగిరిపోయి అంచు మాత్రం మిగిలింది. దాన్ని కూడా ఎండకే పెట్టుకున్నానని చెప్పేవాడు.

పెట్టె మోయడానికి అతను ఎంచే మనుషుల్లో నాకు ఏ పద్ధతీ కనిపించేది కాదు. ఒకసారి డెన్వర్ నుంచి వచ్చిన జడ్జిగారు. ఇంకోసారి పెళ్లయి వారం తిరగని అమ్మాయి. మరోసారి ఎద్దులకి తాడు వేసి పడగొట్టే పశువుల కామందు. అంతటి మనిషి ఆ ఎండలో, ఆ బండల మీద, పెట్టెని పొత్తిళ్ల బిడ్డలా హత్తుకుని అరగంట నడిచొచ్చాడు. ఆర్లో మూత జానెడు ఎత్తి, లోపలికి తొంగిచూసి, టపీమని మూసేశాడు.

"ఒక్కటీ పగల్లేదు. ఈ పని అందరి వల్లా కాదు."

చప్పట్లు! లోకంలో మోసపోవడమంటే జనానికి ఎంత సరదా అనుకున్నాను.

ఇంత రాణీవాసం చేయించిన గుడ్లతో మర్నాడు పొద్దున ఏం చేసేవాడు? ఉడికించిన గుడ్లు. చల్లగా, గులకరాళ్లలా.

"ఒక్కసారి అట్టు వెయ్యవయ్యా మహానుభావా."

"నా వంటలో అట్లుండవు."

"ఎప్పుడు ఉడికించావు మరి? నీళ్లింకా కాగనే లేదు."

"నువ్వు గుర్రుపెడుతున్నప్పుడు."

అతని గురించి అంతకంటే ఆలోచించడం కోడిగుడ్డు మీద ఈకలు పీకడమేనని ఊరుకున్నాను, లైల్ బ్రాంట్ వచ్చేదాకా.

బ్రాంట్‌గారు నెబ్రాస్కాలో బడిపిల్లలకి కుస్తీ నేర్పిన మాస్టారు. ఎద్దుమెడ. వెంట ఇద్దరల్లుళ్లు. మూడు రోజులూ ఆయన గొప్పలు వినలేక లోయే చెవులు మూసుకుంది. "తిరగలి రానీ, అల్లుడూ! ముందు వరసలో కూచుని దాని మెడలు వంచుతా!" నాలుగోనాడు తిరగలి వచ్చింది. బండమీద నిలబడి, అల్లుళ్లు ఈలలు వేస్తున్నారు. మామగారు చొక్కా మీద తేలే కోటు బిగించుకుంటున్నారు. బిగించిందే బిగిస్తున్నారు.

ఆర్లో ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఆ చేతులు ఇలా తెండి, మాస్టారూ. ఇరవయ్యేళ్లు మెడలు పట్టుకున్న చేతులు. గుడ్లు పట్టుకోడం వచ్చా?"

"మా మామగారికి గుడ్లా!" అని చిన్నల్లుడు పొట్ట పట్టుకున్నాడు.

నాకు మండింది. పాపం, తిరగలి కోసం వెయ్యి మైళ్లు వచ్చిన మనిషిని గట్టున నడిపిస్తాడా?

"ఇక చాలు, ఆర్లో. ఆ పెట్టె నా పడవలో పెట్టు. మాస్టారు ముందు వరసలో కూచుంటారు. ఒక్క గుడ్డు పగిలినా ఈ వేసవంతా నీ గిన్నెలు నేను తోముతా!"

"అదీ మాట! ఎక్కండి మామగారూ!" అన్నాడు పెద్దల్లుడు.

"ముట్టుకోకు" అన్నాడు ఆర్లో. ఆ గొంతులో ఎగతాళి లేదు. నేను అతని నోట ఎగతాళి లేని మాట వినడం అదే మొదలు.

ముట్టుకోవద్దంటే ముట్టుకునే వయసు. గడ్డిలో తువ్వాళ్లు కుక్కుదామని మూత తీశాను. చెయ్యి తగిలి ఒక గుడ్డు జారి బండమీద పడింది. టక్. రెండు దొర్లు దొర్లి నా కాలి దగ్గర ఆగింది. పెంకు బీటలు వారింది. సొన మాత్రం కారలేదు. చేతిలోకి తీసుకుంటే గులకరాయిలా గట్టిగా ఉంది.

తలెత్తి చూశాను. మాస్టారు నన్ను గాని, గుడ్డుని గాని, నదిని గాని చూడటం లేదు. ఆ పెట్టెనే చూస్తున్నారు, మునిగేవాడు గట్టుని చూసినట్టు. ఆ లావు వేళ్లు కోటు పట్టీని ఇంకా బిగిస్తూనే ఉన్నాయి. పొద్దున పళ్లెం ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. జడ్జిగారూ ముట్టలేదు. ఆ కొత్త పెళ్లికూతురూ ముట్టలేదు.

ఆర్లో నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "ఏం పుస్తకాలమ్మా, చదవడం అయిందా?"

గుప్పిట మూశాను. అటు తిరిగి నీళ్లలోకి విసిరేసినట్టు నటించి, గుడ్డుని జేబులో వేసుకున్నాను.

"అయ్యో, పగిలిపోయింది! ఇంత సుకుమారమనుకోలేదు బాబూ. ఈ బాధ్యత నా వల్ల కాదు. మాస్టారూ, మీరే మొయ్యాలి."

ఆయన గుండెల్లోంచి ఊపిరి బయటికొచ్చింది. దాని వెనకే గొంతూ వచ్చింది. "ఏం చేస్తాం! ఎవరో ఒకరు మొయ్యాలిగా! అల్లుడూ, తాడు గట్టిగా పట్టుకో, పడిపోతావు!"

అన్నట్టే చిన్నల్లుడు తిరగలి నడిమధ్య నీళ్లలో పడ్డాడు కూడా. చొక్కా పట్టి లాగి పడవలో వేసుకున్నాను. కింద ఇసుకతిన్నె మీద అతను ముక్కులోంచి నది కారుస్తూ కూచుని ఉండగా, మామగారు పెట్టెతో దిగొచ్చారు. ఆర్లో మూత ఎత్తి చూశాడు.

"ఒక్కటీ పగల్లేదు, పుస్తకాలమ్మ పగలగొట్టింది తప్ప."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆ తడిసిన అల్లుడే. "మీరు కనక మోశారు, మామగారూ!"

పెద్దల్లుడికి మాత్రం జ్ఞాపకశక్తి ఎక్కువ. "మరి గిన్నెలు తోమే సంగతి?" అన్నాడు.

"అదేగా, నేనూ చూస్తున్నా" అన్నాడు ఆర్లో.

అందరి ముందూ గుడ్డు పగిలిందన్నదాన్ని నేనే. పగల్లేదని ఇంక ఏ నోటితో చెప్పను? ఆ వేసవంతా తోమాను. తిరగలి ఉన్న రోజున మరీ పెందలాడే లేవాలి. మూడు డజన్లూ ఉడికి, చల్లారి, పెట్టెలోకి చేరిపోవాలి, యాత్రికులు కళ్లు తెరవకముందే. నేను నిద్రమొహంతో నీళ్లొడ్డున కూచుని తోముతుంటే, ఆర్లో ఆ టోపీ అంచు కింద నుంచి చూస్తూ వెనకే నిలబడేవాడు.

"ఇసకేసి తోము, ఇసకేసి. గుడ్ల వాసన మనల్ని పట్టిచ్చేస్తది. ఇన్ని పుస్తకాలు చదివావు, గిన్నె తోమడం ఒక్క దాంట్లోనూ రాయలేదా?"