నేను నొక్కని లింకు

పోయిన వర్షాకాలం గుడివాడలో మా కొట్టు తెరుస్తుంటే కోడూరు నుంచి బావగారు ఫోన్ చేశారు. "మీ అక్కకి కాస్త సీరియస్‌గా ఉందమ్మా, బయల్దేరు."

బస్సులో దేవుళ్లందరికీ మొక్కుకుంటూ కూర్చున్నాను. అవనిగడ్డ దాటాక తెలిసినావిడ మెసేజ్‌లో ఏదో లింకు పంపింది. నేను నొక్కనే లేదు. ఈ దిక్కుమాలిన ఫోనే లింకు కింద ఫొటో చూపించేసింది. దండ వేసిన అక్క ఫొటో, దాని మీద 'అశ్రునివాళి'.

అంతలోనే మళ్లీ బావగారు. "డాక్టర్లు చూస్తున్నారమ్మా, కంగారుపడకు." దారిలో కూలబడిపోతామని మావాళ్లు చావుకబురు ఫోన్లో చెప్పరు.

"నేనొస్తున్నానని అక్కకి చెప్పండి బావగారూ," అన్నాను.

"చెప్తానమ్మా," అన్నారు.

నాకు అప్పటికే తెలుసన్న సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.