కరగని మందు

బొగ్గుగని కార్మికుని బిడ్డ కోమల 1999లో చంద్రపూర్ కాలేజీ ల్యాబులో సీసాలు కడిగే పనికి చేరింది. నాయిన మసిబట్టలు ఉతికిన అలవాటుకొద్దీ ప్రతి సీసాకూ రెండేసిసార్లు సబ్బు పట్టించేది.

నీళ్లలో కరగని క్యాన్సర్ మందును, కంటికి కనబడని పాలిమర్ ఉండల్లో దాచి రక్తంలోకి పంపాలని ల్యాబు నడిపే దేశ్‌కర్ సార్ పట్టుదల. ఒకనాడు, పోల్చి చూసేందుకు పాలిమర్ కలపకుండ పెట్టిన ఉత్త నీళ్ల సీసాలోనూ మందు కరిగింది.

"ఉత్త నీళ్లకే కరిగితే నా పాలిమర్ ఎందుకు?" అని సార్ తల పట్టుకున్నడు.

సబ్బు జిడ్డును పొట్టలో పెట్టుకుని నీళ్లలో కలిసిపోతదని కోమలకు చిన్ననాటి నుంచీ తెలుసు.

"తప్పు నాది సార్. సీసాలల్ల సబ్బు మిగిలింది. మళ్లా కడుగుత" అంది. పని పోతే పోనీ అనుకుంది.

నలభై సీసాలనూ ఉత్త నీళ్లతో పదేసిసార్లు కడిగింది.

మర్నాడు మందు కరిగి పాలిమర్ సీసా తేటపడింది. సార్ దాన్ని ఎత్తి పట్టుకుని మురిసిపోయిండు. కోమల మాత్రం ఉత్త నీళ్ల సీసానే వెలుతురుకు పెట్టి చూసింది. మందు కరగకుండ అడుగునే ఉంది. ఆమె పనితనానికి అదే సాక్ష్యం.