కనాయే మీద మోపిన ఉప్పు నేరం

ఉత్తర జపాన్‌లో మా యొకొతె ఊరి వైపు ఎవరికైనా బీపీ ఉందంటే చాలు, అందరూ ఊరగాయ జాడీ వంకే చూస్తారు. పొగబెట్టిన ముల్లంగిని ఉప్పులో ఊరేసుకుని, గడప తొక్కిన ప్రతి మనిషికీ టీతోపాటు అదే ముందు పెట్టే జనం మేము. అందుకే మా కోడలు కనాయేకు ముప్పై ఎనిమిదో ఏటే బీపీ నూట ఎనభై దాటినప్పుడు, కారణం చెప్పడానికి డాక్టరెందుకు అనుకున్నాను. నా పేరు తొమినో. డెబ్బై నాలుగేళ్లొచ్చినా నోరు ఊరుకోదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

కనాయే ఆ రోజే ఊరగాయ మానేసింది. సూపు చప్పగా తాగింది. పక్కింటివాళ్లు టీకి పిలిస్తే ముల్లంగి ముక్క ముట్టకుండా తిరిగొచ్చి, పొగరుబోతని పేరు తెచ్చుకుంది. అయినా బీపీ దిగలేదు. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయ్యాయి.

మరి నేనేమనుకోవాలి? చాటుగా తింటోందనుకున్నాను. జాడీలుండే కొట్టుగదికి తాళం బిగించి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. "మా కోడలికి మందులెందుకండీ, నాలుక్కి తాళం వేయాలి గానీ" అని నలుగురిలో నవ్వించాను. వాళ్లమ్మ పక్షవాతంతో పోయిందని ఎత్తిపొడిచి, ఆ పాడు రక్తమే నా మనవరాలికీ వస్తుందని సాధించాను. నా కొడుకు షుయిచి ఇక చాలించమన్నా వింటేగా! ఇలా ఎనిమిదేళ్లు నడిచింది.

మొన్న జనవరిలో ఇంటికప్పు మీద పేరుకున్న మంచు తోస్తుండగా కనాయే కాళ్లు చచ్చుబడి కింద పడిపోయింది. మెత్తటి మంచుకుప్పలో పడింది కాబట్టి బతికిపోయింది. పెద్దాసుపత్రిలో చూస్తే రక్తంలో పొటాషియం అడుగంటిపోయిందట. అక్కడి డాక్టరమ్మ పేరు ఓనుకి, చిన్నపిల్లే గానీ గట్టి మనిషి. కనాయే కాస్త తేరుకున్నాక ఇంటికి పంపి, మా తిండే తింటూ ఒక రోజంతా మూత్రం పట్టి తెమ్మంది. దాన్నిబట్టి ఎంత ఉప్పు తిన్నారో తెలుస్తుందట.

నాలుగు రోజులకు మమ్మల్ని కూర్చోబెట్టి కాగితం చూపించింది. మా ఊళ్లో మామూలు మనిషి తినే ఉప్పులో సగం కూడా లేదు. ఇంత కచ్చితంగా పథ్యం చేసినవాళ్లను తాను చూడలేదంది. నా తల కొట్టేసినట్టయింది.

అసలు దోషి మరొకటి ఉంది. మూత్రపిండం నెత్తిన ఉండే చిన్న గ్రంథిలో చిక్కుడుగింజంత గడ్డ. అక్కర్లేని హార్మోను తయారుచేస్తూ, తిన్న కాస్త ఉప్పునూ ఒంట్లో పట్టి ఉంచి, పొటాషియాన్ని బయటికి తోసేస్తోందట. రెండు వైపుల గ్రంథుల నుంచీ రక్తం తీసి చూసి, తప్పు ఎడమదానిదేనని తేల్చారు. దాన్ని తీసేస్తే బీపీ పోతుందా అని అడిగాను. డాక్టరు ఓనుకి అలాగని మాటివ్వలేదు. ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన రక్తనాళాలు కొందరిలో మళ్లీ సడలవట, మాత్రలు ఉండిపోవచ్చట.

ఆపరేషన్ చేసి దాన్ని తీసేసేదాకా నాకు ఒకటే ఆలోచన. నా మాట పట్టుకుని ఇంట్లో అందరూ ఊరగాయనే తిట్టారు గానీ, ఇంకో డాక్టరుకు చూపిద్దామని ఒక్కరూ అనలేదు. ఆ ఎనిమిదేళ్లు తినేసింది నేనే.

మూడు వారాలకు గడ్డ పరీక్ష చీటీ వచ్చింది. అందులో ఒక జన్యువు మారిందని ఓనుకి చెప్పింది. మన దేశంలో ఇలాంటి గడ్డల్లో తరచూ కనిపించే మార్పేనట. అది ఉన్నవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, ఆపరేషన్ బాగా పనిచేసే అవకాశం ఎక్కువట. నేను భయపడుతూనే మనవరాలి మాట ఎత్తాను.

"గడ్డలో పుట్టిన మార్పు గడ్డతోనే పోయింది మామ్మగారూ. ఇది వాళ్లమ్మ నుంచి రాలేదు, కూతురికీ పోదు" అంది.

హమ్మయ్య అనుకున్నాను, వెంటనే సిగ్గేసింది. చనిపోయిన వియ్యపురాలిని కూడా వదలని నోరిది.

ఆరు నెలలకు, ఒక్క మాత్ర లేకుండా, కనాయే బీపీ నూట పద్దెనిమిది. నర్సు రెండుసార్లు చూసి మరీ చెప్పింది. బయట బస్సు కోసం నిలబడినప్పుడు కోడలి ముందు నడుం వంచి తల దించాను.

"నిన్ను దొంగను చేశానమ్మాయ్. తప్పు నాదే."

కనాయే నా భుజాలు పట్టుకుని లేపబోయింది. "మీ మీద కోపం రాలేదత్తయ్యా. మీరన్నదే నిజమనుకున్నాను. నిద్రలో లేచి తింటున్నానేమో, ఒక కంట కనిపెట్టమని మీ అబ్బాయినే బతిమాలేదాన్ని. అదేం లేదని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నేను నమ్మలేదు. ఇప్పటికి నమ్మకం కుదిరింది" అని హాయిగా నవ్వింది.

బస్సు వచ్చేదాకా నేను తల ఎత్తలేకపోయాను.