రెండో పుస్తకం ఇవ్వనంది మా అమ్మాయి

ఊపిరితిత్తుల జబ్బుతో, బట్ట నేసే సాంచాల కార్ఖానాలో లెక్కలు రాసే పనికి పోలేక, ఇంట్లో మా అమ్మాయి పాత ఇంగ్లీషు పుస్తకం కూడబలుక్కుని చదివాను. పిల్లల అంతరిక్ష సాహసాల వరుసలో మొదటిది. అందులో రేడియో పాడైతే తండ్రీకూతుళ్లు చేతి సైగలతో మాట్లాడుకుంటారు, సాంచాల మోతలో మేం పనివాళ్లం మాట్లాడుకున్నట్టే. ఈ రోజు పూర్తిచేసి రెండోది అడిగాను.

"వద్దు బాపు, జానే దో."

"ఏందే, నాకు సమజ్ కాదనుకుంటున్నవా?"

"గది కాదు. అండ్ల ఆ బాపు సచ్చిపోతడు. నేను గూడ ఆడికే బంద్ చేసిన."

ఇద్దరం కాసేపు టీవీ వైపు చూశాం. అది ఆపేసే ఉంది.

మిగతా పుస్తకాలు ఎవరైనా చదివారా? తండ్రి పోయాక ఆ పిల్ల ఒక్కతే అంతరిక్ష ఓడ నడపగలిగిందా? మా అమ్మాయిని అడగలేను.